ప్రొఫార్మా మాహాత్మ్యం

సాయంత్రం ఐదు దాటాక వాట్సాప్ మార్గాన అవతరించే ప్రొఫార్మాను గీసిన మహానుభావా! తమరి పేరు మాకు తెలియదు. ఫైలు మీద తమరి పేరుండదు. ‘కొత్తది ఫైనల్ 3’ అని మాత్రం ఉంటుంది. ఆలూరు నుంచి వేంపల్లె దాకా తమరిని కళ్ళారా చూసినవారు లేరు. అయినా ప్రతి గ్రామ సచివాలయంలో పొద్దుగూకే వేళకు తమరి స్మరణ జరుగుతూనే ఉంటుంది. ఆ స్మరణలో దొర్లే విశేషణాలు అచ్చుకెక్కేవి కావు గనుక, కాస్త మర్యాదైన మాటల్లో తమరిని కీర్తించే భారం నేను నెత్తికెత్తుకున్నాను.

లోకం తమరిని గుర్తించలేదు. లెక్క తప్పితే కంప్యూటర్ ఆపరేటర్‌ను తిడతారు. ఆలస్యమైతే వ్యవసాయ సహాయకుడికి మెమో ఇస్తారు. రైతు ఖాతాలో డబ్బు పడకపోతే బ్యాంకును ఆడిపోసుకుంటారు. ఈ ఘనతంతా తమరు అరగంటలో గీసి పంపిన ఒక్క పేజీదని ఎవరికీ తట్టదు. కీర్తి కోరకుండా ఇంత పని చేసేవారు ఈ కాలంలో ఎక్కడున్నారు?

స్తోత్రానికి ముందు వంశవర్ణన ఆనవాయితీ. ఈ సీమలో గళ్ళు గీసి లెక్క రాయడం ఇవాళ్టిది కాదు. 1800లో నిజాం దత్త మండలాలను కుంపిణీకి అప్పగించాక, 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఊరూరా పొలాలు కొలిపించి, ఏ రైతు శిస్తు ఆ రైతు చేతే కట్టించాడు. జమీందారు పేరొక్కటి రాసుకుంటే తీరిపోయే పనికి ఇన్నేసి చెక్కలు, ఇన్నేసి వరుసలు! ఆ చాదస్తమే తర్వాత కరణాలకూ అంటుకుంది. గ్రామ లెక్క నంబరు 3, అంటే అడంగల్, తీసి చూడండి. సర్వే నంబరుకొక గడి, విస్తీర్ణానికొక గడి, పట్టాదారుకొక గడి, అనుభవదారుకొక గడి, పైరుకొక గడి. పట్టాదారూ అనుభవదారూ ఒక్కడే అయినా రెండు గళ్ళూ వేరువేరుగా ఉండాల్సిందే. ఒక చెక్కకు ఒక వరుస. ఒక గడిలో ఒక సంగతి.

1984లో రాష్ట్రంలో కరణీకాలు రద్దయ్యాయి. 1985లో ఎక్సెల్ మొదటి రూపం బయటికొచ్చింది. కరణమూ ఎక్సెలూ ఒకరినొకరు చూసుకోలేదు. అయినా కరణం చేతిరాత పేజీని గడికి గడి షీటులోకి ఎక్కిస్తే, మధ్యలో ఆయన పెట్టిన ‘డిటో’ గుర్తులు తప్ప, మిగిలినదంతా కూడికకూ వడపోతకూ లొంగుతుంది. తమరు ఎక్సెల్‌లోనే గీసిన పేజీ మాత్రం ఎక్సెల్‌కు లొంగదు. పుట్టినింటికే లొంగని బిడ్డను కనడం సామాన్యుల వల్ల అయ్యే పనేనా?

కాబట్టి తమరి మూలపురుషుడు కరణం కాడు. తెల్లదొరల రీసెటిల్‌మెంటు రోజుల్లో రిజిస్టరు రాస్తూ, పట్టాదారు పేరు తేలని చోట నాలుగు చుక్కలు పెట్టి కింది వరుసకు దిగిపోయిన ఆ అజ్ఞాత గుమస్తానే తమరి ఆదిపురుషుడు. పట్టాదారు లేడనా, ఉన్నాడో లేడో తెలియలేదనా, తర్వాత రాద్దామనా, భూమి సర్కారుదనా, ఆ చుక్కల భావం ఆయనకే ఎరుక. నూరేళ్ళ తర్వాత ఆ పొలాలు ‘చుక్కల భూములు’ అయ్యి, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధ జాబితాలో కూర్చున్నాయి. తాతల నాటి నుంచి దున్నుకుంటున్నవాడు కూతురి పెళ్ళికి ఎకరా అమ్ముకుందామన్నా కుదరలేదు. ఆ చుక్కలు చెరపడానికి 2017లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. 2023లో రెండు లక్షల ఎకరాలకు పైగా భూమిని నిషేధం నుంచి తప్పిస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది. పేరు తెలియనప్పుడు గడిలో ఏం రాయాలో చెప్పని ఒక్క ఫారానికి అంత ఆయుష్షు! ఆ వంశాన్ని తమరు నిలబెడుతున్నారు. తమరి ఫారంలో సున్నా, గీత, చుక్క, ‘నిల్’, ‘లేదు’, ‘వర్తించదు’, ఉత్త ఖాళీ, ఈ ఏడింటికీ ఒకే గడిలో సమాన హోదా. నష్టం లేని ఊరేదో, అసలు లెక్కకే పోని ఊరేదో ఇక బ్రహ్మదేవుడు కూడా తేల్చలేడు.

ఇప్పుడు తమరి శిల్పం గురించి. తలకట్టు గాలిగోపురంలా మూడంతస్తులు లేస్తుంది. పైన పేజీ అడ్డంగా ‘ఖరీఫ్ కరవు: పంట నష్టం వివరములు’. దాని కింద వేరుశనగ, పత్తి, కంది తలా మూడేసి గళ్ళ మీద పరుచుకుంటాయి. ఆ కింద విస్తీర్ణం, రైతులు, నష్టం, మళ్ళీ విస్తీర్ణం, రైతులు, నష్టం, మళ్ళీ అవే. ఎడమ పక్క పత్తికొండ అని ఒక్కసారి రాసి, ఆ మండలం ఊళ్ళన్నిటికీ కలిసొచ్చేలా గళ్ళు మెర్జ్ చేసి నిలువునా సాగదీస్తారు. లీగల్ సైజు కాగితం మీద అడ్డంగా ప్రింటు తీసి బల్ల మీద పెడితే పై అధికారి కళ్ళు చల్లబడతాయి.

ఆ చలవ అక్కడితో సరి. నష్టం ఎక్కువున్న ఊరు ముందుకొచ్చేలా వరస మారుద్దామని ఆపరేటర్ మీట నొక్కగానే, మెర్జ్ చేసిన గళ్ళన్నీ ఒకే కొలతలో లేవు పొమ్మంటుంది ఎక్సెల్. సరేనని మెర్జ్ విప్పితే పత్తికొండ మొదటి ఊరికే దక్కుతుంది. మిగతా ఊళ్ళు ఏ మండలానికీ చెందని అనాథలవుతాయి. మూడు ‘విస్తీర్ణం’ గళ్ళలో ఏది వేరుశనగదో ఏది కందిదో, పై అంతస్తు ఊడిపోయాక చెప్పేవాడుండడు. గెజిట్ లేకుండా, అభ్యంతరాలు పిలవకుండా ఊళ్ళను మండలం నుంచి వెలేయగలిగిన అధికారం రాష్ట్రంలో తమరికొక్కరికే ఉంది.

సర్వే నంబరు గడి తమరి జ్యోతిష విద్యకు నిదర్శనం. ఆ గడిని టెక్స్ట్‌గా పెట్టి పంపడం తమరికి నామోషీ. ఊళ్ళో 145-2 దున్నే రైతు ఎలాగో తప్పించుకుంటాడు, ఎందుకంటే ఏ నెలకూ 145 రోజులు లేవు. 12-2 దున్నే రైతు మాత్రం ఎంటర్ కొట్టగానే ఫిబ్రవరి 12 అయిపోతాడు. తప్పు దిద్దుదామని గడిని మళ్ళీ నంబరుగా మారిస్తే, అది 2024లో కొట్టినదైతే, 45334 అని చూపిస్తుంది. అన్ని సర్వే నంబర్లున్న ఊరు కర్నూలు, కడప జిల్లాల్లో ఎక్కడుందో వెతకాలి. ఈ లీల ఒక్క మన రైతుల మీదే కాదు. జీవశాస్త్రవేత్తలు ‘మార్చ్1’, ‘సెప్ట్2’ అని పేర్లు పెట్టుకున్న జన్యువులను కూడా ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే, వాళ్ళు వేగలేక 2020లో జన్యువుల పేర్లే మార్చుకున్నారు. మన రైతులూ ఆ దారిలో సర్వే నంబర్లు మార్చుకుంటే సరిపోయేది. రాళ్ళు పాతి ఉన్నాయి, అదొక్కటే అడ్డం.

ఆధార్ గడిలో తమరి గణిత పాండిత్యం తెలుస్తుంది. పన్నెండంకెల సంఖ్యను మామూలు గడిలో కొడితే ఎక్సెల్ దాన్ని ‘2.34568ఈ+11’ అని కుదించి చూపిస్తుంది. ఆ చూపించిన రూపాన్నే సీఎస్వీగా, అంటే గళ్ళను కామాలతో విడదీసే ఉత్త అక్షరాల ఫైలుగా, దాచి పైకి పంపితే అసలు అంకెలు తిరిగి రావు. బ్యాంకు ఖాతా పదహారంకెలదైతే ఇంకా మేలు. పదిహేనుకు మించి ఎక్సెల్ గుర్తుపెట్టుకోదు గనుక చివరి అంకె సున్నా అవుతుంది. ముందు సున్నాలున్న ఖాతాకు ఆ సున్నాలు రాలిపోతాయి. రైతు నెత్తిన ముందూ వెనకా ఏమీ మిగలకూడదన్న వైరాగ్యాన్ని ఇంత సులభంగా బోధించినవారు లేరు. ఐఎఫ్ఎస్సీ కోడులో అయిదోది సున్నా అని తమరు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు; చెప్పరు. నింపేవాడు ‘ఓ’ అక్షరం కొడతాడు, చెల్లింపు తిరిగొస్తుంది. బ్యాంకు పేరు చేత్తో రాయమంటారు. 2020 ఏప్రిల్ 1న సిండికేట్ బ్యాంకు కెనరాలోనూ, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోనూ కలిశాయి. రైతు చేతిలో పాత పాసుపుస్తకమే ఉంది, తమరి ఫారంలో ఆ పాత బ్యాంకు ఇంకా చిరంజీవిగానే ఉంది. ఇక ఆ ఆధార్లూ ఖాతా నంబర్లూ నిండిన షీటును వందలమంది ఉన్న గ్రూపులో పెట్టించి, ‘అందరూ సరిచూసుకోగలరు’ అనడం తమరి దానగుణానికి పరాకాష్ఠ.

పేర్ల సంగతికొస్తే తమరిది అద్వైతం. కర్నూలు పల్లెల్లో మద్దిలేటి స్వామి పేరు పెట్టుకోని ఇల్లు అరుదు. ఒకే ఇంట్లో పెద్ద మద్దిలేటి, నడిపి మద్దిలేటి, చిన్న మద్దిలేటి ఉంటారు. కడప వైపు పోతే ఓబులేసులు, దస్తగిరులు అంతే. వీళ్ళను విడదీసి చూడాలంటే మనిషికొక గుర్తు సంఖ్య ఉండాలి, అది ప్రతి షీటులోనూ ఒకే రీతిన రావాలి. తమరు అడిగేది ‘రైతు పేరు’ ఒక్కటే. ఇంటిపేరు ముందో వెనకో చెప్పరు. తండ్రి పేరు అదే గడిలో రాయాలో వేరే గడిలో రాయాలో చెప్పరు. పైగా ‘వరుస సంఖ్య’ అనే గడిని మాత్రం మరవరు. వరస మార్చిన మరుక్షణం అర్థం కోల్పోయే సంఖ్య అదొక్కటే. రెండు షీట్లు కలిపేసరికి నడిపి మద్దిలేటి నష్టం పెద్ద మద్దిలేటికి చేరుతుంది. అన్నదమ్ములు వేరుపడ్డ ఇళ్ళను కలపడానికి తమరు ఎంచుకున్న మార్గం శ్లాఘనీయం.

కొలతల దగ్గర తమరు మౌనం పాటిస్తారు. ‘విస్తీర్ణం’ అంటే ఎకరాలా, హెక్టార్లా? కర్నూల్లో ఎకరాకు నూరు సెంట్లు గనుక 1.20 అంటే ఎకరా ఇరవై సెంట్లు, కూడినా తప్పు రాదు. తుంగభద్ర దాటి ఆలంపూరు పోతే ఎకరాకు నలభై గుంటలు, అక్కడ 1.20 అంటే ఎకరన్నర. వంతెనకు అటూ ఇటూ పొలమున్న రైతు రెండూ ఒకే గడిలో రాస్తే తమరికి అభ్యంతరం లేదు. దిగుబడి ఒక ఊరు క్వింటాళ్ళలో రాస్తుంది, ఇంకో ఊరు మూటల్లో. సంవత్సరం అని అడిగితే ఒకరు 2024 రాస్తారు, ఒకరు 2024-25 రాస్తారు, రెవెన్యూ అలవాటున్నవారు ఫసలీ 1434 రాస్తారు. ఎవరిదీ తప్పు కాదు. మూడూ కలిపితే వచ్చే కూడిక మాత్రం ఏ పంచాంగంలోనూ దొరకదు.

నష్టం ఎంత అని అడగడంలో తమరి ఉదారత మరీ గొప్పది. పంట 33 శాతం లేదా అంతకు మించి పోతేనే పెట్టుబడి రాయితీకి అర్హత. అంటే ఆ గడిలో ఒక్క అంకె చాలు. తమరు ‘నష్టం వివరాలు’ అని విశాలమైన గడి ఇస్తారు. తుగ్గలి వైపు నుంచి ‘చాలా వరకు’ అని వస్తుంది. ముద్దనూరు వైపు నుంచి ‘పదును లేక గింజ పట్టలేదు’ అని వస్తుంది. ‘సగానికి సగం’, ‘దాదాపు పూర్తిగా’, ‘కొమ్ముకు రెండు కాయలు’ కూడా వస్తాయి. కరవు సాహిత్యానికి ఇది తీరని మేలు. ఇన్ని మాటల్లోంచి 33ను పీకే పని ఎవరిదంటారా? రాత్రి పదింటికి మండలాఫీసులో మిగిలిపోయిన మనిషిది.

గూగుల్ ఫారం నేర్చాక తమరి ప్రభ ఇంకా పెరిగింది. మెట్టపొలంలో వేరుశనగ మధ్య కంది సాళ్ళు, గట్టున ఆముదం వేయడం సీమ రైతుకు మామూలు. తమరు ‘వేసిన పంటలు’ అని చదరపు పెట్టెలిచ్చి, ఎన్నైనా టిక్కు పెట్టుకోమంటారు. ఆ మూడూ షీటులో ఒకే గడిలోకి కామాలతో దిగుతాయి. ఇక కంది ఎన్ని ఎకరాలంటే చెప్పడానికి కందిగింజలే నోరు విప్పాలి. ఊళ్ళు సగం నింపాక మధ్యాహ్నం ఒక ప్రశ్న తీసేసి కొత్తది పెడతారు; కొత్త జవాబులు షీటు చివర కొత్త నిలువు వరుసలో చేరతాయి. ఎక్సెల్ అయితే ‘సవరించిన ప్రొఫార్మా’ వస్తుంది, మధ్యలో ఒక గడి ఎక్కువతో. దేవనకొండ పాతదాంట్లో పంపింది, ఆస్పరి కొత్తదాంట్లో పంపింది. ఒకదాని కింద ఒకటి అతికిస్తే ఆస్పరి రైతుల సంఖ్య దేవనకొండ ఎకరాల కింద చేరుతుంది. మొత్తం మాత్రం వస్తుంది. మొత్తం రావడమే కదా తమరికి కావలసింది.

ఊళ్ళ పేర్ల విషయంలో తమరిని మించిన స్వేచ్ఛావాది లేడు. ఎమ్మిగనూరుకు ఇంగ్లీషులో ‘ఈ’తో మొదలయ్యే స్పెల్లింగొకటి, ‘వై’తో మొదలయ్యేదొకటి. వేంపల్లె, వేంపల్లి రెండూ నడుస్తాయి. కడప జిల్లా పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్ 2005లో మారింది, 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, ఆ తర్వాత కడప మళ్ళీ పేరులోకి వచ్చింది. పాత షీట్లు, కొత్త షీట్లు కలిపి జిల్లావారీగా విడదీస్తే, ఒక్క కడప నాలుగు జిల్లాలుగా నిలబడుతుంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయింది. డోన్ అటు పోయింది. పాత లెక్కలో డోన్ కర్నూలుది, కొత్త లెక్కలో నంద్యాలది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ అని పెట్టి ఊరూరికీ ఒక కోడు ఇచ్చింది. పేరు ఎలా రాసినా కోడు మారదు. అలాంటి పరాయి సాయం తీసుకోకుండా, నింపేవాడి చేతిరాత మీదే భారం వేసిన తమరి ఆత్మగౌరవానికి జోహార్లు.

తెలుగు మీద తమరి మమకారం సరేసరి. తలకట్టు అనూ అక్షరాల్లో, లోపల యూనికోడ్‌లో. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తలకట్టు పిచ్చిగీతలుగా మిగులుతుంది. సీఎస్వీ తీసేటప్పుడు యూటీఎఫ్-8 సంగతి చూసుకోకుండా ఎక్సెల్‌లో తెరిస్తే, మద్దిలేట్లూ ఓబులేసులూ అందరూ టోపీలు పెట్టుకున్న ఫ్రెంచి అక్షరాలై బారులు తీరతారు. మన రైతును విదేశాలకు పంపే పథకం ఇంత చౌకగా ఇంకెవరికి సాధ్యం?

పచ్చ రంగు వేస్తే సరిచూసినట్టు, పసుపు వేస్తే పెండింగు, ఎరుపు వేస్తే అనర్హుడు అని ఫోనులో చెబుతారు. షీటును సీఎస్వీగా మార్చగానే రంగులన్నీ వెలిసిపోయి అర్హుడూ అనర్హుడూ ఒకటవుతారు. ప్రతి మండలం చివర ‘మొత్తం’ అని ఒక వరుస ఇరికిస్తారు. కింద మహా మొత్తం తీసేవాడు ఊళ్ళనూ, ఊళ్ళ మొత్తాలనూ కలిపి కూడతాడు. కరవు ఒక్క క్షణంలో రెండింతలవుతుంది. కరవు సాయం పెరగాలని ఏళ్ళ తరబడి ధర్నాలు చేసినవారికి కూడా ఇంత ఫలితం దక్కలేదు. ఇవన్నీ పోగా మిగిలిన అనుమానాలకు ‘రిమార్కులు’ గడి ఉండనే ఉంది. అసలు విషయం రాయడానికి చోటులేనివాళ్ళంతా అక్కడే తల దాచుకుంటారు.

ఈ విద్య మన దగ్గరే ఉందని తమరు గర్వించకూడదు. ఇంగ్లండులో 2020 సెప్టెంబరు చివర కోవిడ్ కేసుల పట్టికలను పాత ఎక్సెల్ ఫైళ్ళలోకి దించారు. ఆ పాత రకం షీటుకు 65,536 వరుసలే గతి. అవి నిండాక మిగిలినవి చప్పుడు లేకుండా జారిపోయాయి. 15,841 మంది లెక్కకు ఎక్కలేదని అక్టోబరు మొదట్లో బయటపడింది. వాళ్ళను కలిసినవారిని వెతికే పని కూడా అంత ఆలస్యమైంది. రోగం పెరుగుతుంటే పట్టిక ఆగిపోవడం! అక్కడెవరో తమరి సహపాఠి ఉండి ఉంటారు.

ఇంత చేసి తమరు పెట్టే గడువు గంట. ‘అత్యంత అత్యవసరం, నిల్ రిపోర్టయినా తప్పనిసరి’ అని కింద గీత గీస్తారు. సచివాలయంలో వ్యవసాయ సహాయకుడు సర్కారు పంట నమోదు వ్యవస్థ ఈ-పంటలో ఎక్కించిన వివరాలనే మళ్ళీ తమరి గళ్ళలోకి చేత్తో దింపుతాడు. మండలంలో ఆపరేటర్ ఊళ్ళ షీట్లన్నీ తెరిచి మెర్జులు విప్పుతాడు. తలకట్లు కోస్తాడు, తేదీలను మళ్ళీ సర్వే నంబర్లు చేస్తాడు, ‘చాలా వరకు’ను శాతంగా మారుస్తాడు. ఆ శాతం ఎక్కడిదని అడిగేవారుండరు. తమరు గీసేటప్పుడు మిగుల్చుకున్న ఆ అరగంట కోసం ఇన్ని ఊళ్ళు, ఇన్ని మండలాలు రాత్రుళ్ళు ధారపోస్తున్నాయి. కొన్నాళ్ళకు రైతు సచివాలయం మెట్లెక్కుతాడు. ‘‘మేడమ్, నా దుడ్లు పడలేదు. పక్క చేనాయప్పకు పడినాయి. నా పేరు ఉండాదా లేదా చూడండి’’ అంటాడు. చూస్తే పేరుంది, ఖాతా నంబరు చివర సున్నా ఉంది. ‘‘పెద్దాయనా, పైనుంచే తప్పొచ్చింది’’ అంటుంది అక్కడి ఉద్యోగిని. పైన అంటే ఎవరో ఆమెకూ తెలియదు. తమరి అజ్ఞాతవాసం నిరాటంకంగా సాగుతుంది.

అయితే తమరి మతాన్ని నమ్మని నాస్తికులు కొందరు అక్కడక్కడా ఉన్నారు. వాళ్ళ అపచారాలు తమరి చెవిన వేయడం భక్తుడిగా నా విధి. వాళ్ళు గీతలు గీయకముందే, చివరికి ఏ కూడిక కావాలని అడుగుతారు. ఆ కూడికకు పనికిరాని గడిని పెట్టనే పెట్టరు. తలకట్టు ఒకే వరుసలో ముగిస్తారు, రెండు గళ్ళకు ఒకే పేరు పెట్టరు, కొలతను పేరులోనే కలిపి ‘నష్టపోయిన విస్తీర్ణం ఎకరాల్లో’ అని రాస్తారు. మండలం పేరును ప్రతి వరుసలోనూ విసుగు లేకుండా మళ్ళీ వేస్తారు. ఒక రైతు మూడు పంటలు వేస్తే మూడు వరుసలు ఇస్తారు. ఊరికి కోడు, రైతుకు గుర్తు సంఖ్య పెట్టి, సర్వే నంబరు, ఖాతా నంబరు గళ్ళను ముందే టెక్స్ట్ చేసి పంపుతారు. ఖాతాకు ఎన్ని అంకెలుండాలో గడికే నేర్పి, తప్పు కొడితే అక్కడికక్కడే ఆపేస్తారు. పంట పేరు, నష్టం కారణం రాయించకుండా జాబితాలోంచి ఎంచుకోమంటారు. నష్టం లేకపోతే సున్నా, లెక్కకు పోకపోతే ‘చూడలేదు’, వర్తించకపోతే ‘వర్తించదు’, ఈ మూడే చెల్లుతాయంటారు. రంగు వేయాల్సిన చోట ‘స్థితి’ అని ఒక గడి పెడతారు. మొత్తాలను, ప్రింటుకు కావలసిన గోపురాలను వేరే షీటులో కట్టుకుంటారు. ఈ-పంటలో ఉన్న వివరాన్ని ఊరిని మళ్ళీ అడగరు. ఇంత రుచీపచీ లేని పేజీని చూసి పై అధికారి కళ్ళు చల్లబడవు. కాకపోతే జిల్లా మొత్తం పావుగంటలో తేలిపోతుంది. ఆ తర్వాత రాత్రంతా ఏం చేయాలో తోచక ఆ ఆపరేటర్ ఇంటికి పోయి పిల్లలతో అన్నం తింటాడు. ఎంత అప్రతిష్ఠ!

ఫలశ్రుతి. ఈ మాహాత్మ్యాన్ని భక్తితో పాటించే ఆఫీసుకు ప్రతి సాయంత్రం టెలికాన్ఫరెన్స్ ప్రాప్తిస్తుంది. ప్రతి రిపోర్టుకూ ఒక సవరణ, ప్రతి సవరణకూ ఒక మెమో పుడతాయి. ఏ రెండు శాఖల అంకెలూ ఎన్నడూ కలవవు. ఫసలీలు మారినా రైతు సచివాలయానికి రావడం మానడు.

ఈ ఫలం వద్దనుకునేవారు చేయవలసింది కొంచెమే. ఫారం గీసినవారే ముందుగా ఒక ఊరి అడంగల్ పక్కన పెట్టుకుని పది వరుసలు తమ చేత్తో నింపాలి. దాన్ని సీఎస్వీగా దించి, మళ్ళీ తెరిచి, మండలంవారీగా విడదీసి, కూడి చూడాలి. ఆ మొత్తం సరిగ్గా వచ్చాకే ఫారాన్ని ఊళ్ళకు పంపాలి. రాకపోతే ఊళ్ళను అడిగే హక్కు ఆ ఫారానికి లేదు.